ఘాట్ రోడ్డు – వెనుక బండి
(సంఘ సభ్యుల కుటుంబ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



సాంస్కృతిక సంఘపు వేదికపై సాహిత్యమునుగూర్చియో, సంగీతమునుగూర్చియో మాటలాడుట వాడుక. నేనీ సాయంకాలము రోడ్లనుగూర్చి మాటలాడబూనితిని. నేను ఇంజనీరును గాను, ఆర్ట్సు పట్టభద్రుడను, ఇరువది సంవత్సరములుగా సచివాలయమున ఫైళ్ళు త్రిప్పుచున్నవాడను. ఐనను మనలో అనేకులు సెలవులు రాగానే పిల్లలతో, పెద్దలతో బస్తరు మీదుగా స్వస్థలములకు పోవుచుందురు. ఇటీవల కొందరు కారు వెనుక నివాసపు ట్రైలరును తగిలించుకొని, అందే వండుకొని, అందే పరుండి, దేశము చూడవలెనని ముచ్చటపడుచున్నారు. ముచ్చట మంచిదే. కాని బస్తరు పీఠభూమి. ఏ దిక్కునుండి పోయినను కొండ ఎక్కవలెను. తిరిగి వచ్చునప్పుడు దిగవలెను. కావున దారిని ఎన్నుకొనుట కుటుంబ క్షేమమునకు సంబంధించిన విషయము.

బస్తరు తెలుగువారికి క్రొత్తది కాదు. 1323లో ఓరుగల్లు పడిపోయిన పిమ్మట ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు దక్షిణమునుండి వచ్చి ఇచ్చట రాజ్యము స్థాపించెనని బస్తరు రాజవంశపు ఐతిహ్యము. సముద్రతీరపు ఉప్పును ఎద్దులపై వేసికొని సాలూరు కనుమ మీదుగా జయపురమునకు, అచ్చటినుండి బస్తరునకు బిడారులు నడచిన కాలము కూడ కలదు. మనము నేడు కారవాన్ అనుచున్నది ఆ బిడారు మాటయే. ఎద్దు తన భారమును తన వీపుపైననే మోసెడిది. నేటి బిడారులో భారము వెనుక వ్రేలాడుచుండును. చిక్కంతయు అందే యున్నది.

జగ్దల్‌పూరు దసరా ఉత్సవమును చూచినవారు మీలో చాలమంది యుందురు. డెబ్బదియైదు దినముల ఆ ఉత్సవమున వందలకొలది జనులు మోకులు పట్టి ఎనిమిది చక్రముల పెద్ద రథమును లాగుదురు. ఆ రథము సమతలమైన వీధిలోనే తిరుగును. దానిని ఏటవాలు దారిపైకి తెచ్చినచో ఏమగునో ఊహింపుడు. మోకుతో లాగవచ్చునుగాని మోకుతో ఆపలేము. ట్రైలరు విషయమున ఈ యొక్క మాట జ్ఞాపకముంచుకొన్నచో సగము శాస్త్రము వచ్చినట్లే.

లెక్క కొంచెము చెప్పెదను. కారు రెండు టన్నులు, సామానుతో ట్రైలరు రెండు టన్నులు, మొత్తము నాలుగు టన్నులనుకొందము. ఇరువది అడుగులకు ఒక అడుగు చొప్పున లేచు ఏటవాలుపై ఈ బరువును ఎక్కించుటకు, సమతలమున కావలసిన లాగుడుకు తోడు, ఇంకొక రెండు వందల కిలోల లాగుడు కావలెను. కారు ఒక్కటియే అయినచో అందులో సగము చాలును. ఎక్కునప్పుడు ఇంజను వేడెక్కును, బండి నెమ్మదించును, వెనుక లారీవాడు హారను మ్రోగించును. ఇది కష్టమే కాని కడు ప్రమాదము కాదు. ఇంజను అలసినచో రోడ్డు ప్రక్క చోటు చూచి ఆగవచ్చును.

దిగునప్పటి సంగతి వేరు. ఆ నాలుగు టన్నుల బరువు 750 మీటర్ల ఎత్తునుండి దిగినదనుకొనుడు. ఆ దిగుడులో పుట్టు శక్తి ఎచ్చటికో పోవలెను గదా. అదంతయు వేడిగా మారినచో సుమారు నూరు లీటర్ల చల్లని నీరు తెరలి మరుగును. ఆ వేడిలో కొంత గాలిలోనికి, కొంత ఇంజనులోనికి పోవును. మిగిలినదంతయు బ్రేకుల మీదనే పడును. బ్రేకు మితిమీరి వేడెక్కినచో పట్టు సడలును. పట్టు సడలిన తరువాత కాలు ఎంత అదిమినను ప్రయోజనముండదు. అందుచేత దారిని ఎన్నుకొనువాడు మొదట అడుగవలసిన ప్రశ్న “ఎక్కగలమా?” అనునది కాదు; “దిగగలమా?” అనునది.

ఇక నిజమైన ఉదాహరణము చెప్పెదను. విశాఖపట్టణమున నున్న నా మేనల్లుడు ఒక పెద్ద నివాసపు ట్రైలరును కొన్నాడు. దసరా సెలవులలో మా అక్కయ్యను, తన యిద్దరు పిల్లలను, మమ్ములను చిత్రకూటపు జలపాతమునకు తీసికొనిపోవలెనని సంకల్పించినాడు. జగ్దల్‌పూరునకు ముప్పది ఎనిమిది కిలోమీటర్ల దూరమున ఇంద్రావతి నది దాదాపు ముప్పది మీటర్ల ఎత్తునుండి అర్ధచంద్రాకారముగా దుముకు చోటది. వర్షములు వెనుకబట్టిన ఆ దినములలో చూడదగినది. అందరికిని ఉత్సాహమే. ఐతే దారి విషయమున ఇంటిలో మూడు పక్షములు ఏర్పడినవి.

పిల్లలది అరకు పక్షము. అనంతగిరి ఘాట్ రోడ్డున కాఫీ తోటలు, బొర్రా గుహలు చూడవలెనని వారి పట్టుదల. మేనల్లునిది సాలూరు పక్షము. అది మూడు వందల కిలోమీటర్లలో ముగియును. అక్కయ్యది భద్రాచలము పక్షము. “అంతదూరం పోతూ రామయ్యను చూడకుండా వస్తామా?” అని ఆమె ప్రశ్న.

ఆఫీసు అలవాటు చొప్పున నేనొక కాగితము తీసికొని ఒక్కొక్క దారికి నోటు వ్రాసితిని. ఆ నోటులోని శీర్షికలనే మీకు చెప్పెదను. మీరును మీ ప్రయాణమునకు ముందు ఇట్లే వ్రాసికొనవచ్చును.

మొదటిది: మొత్తము ఎత్తు ఎంత? అది ఎంత దూరములో కూడియున్నది? సాలూరు సముద్రమట్టమునకు నూటపదునెనిమిది మీటర్ల ఎత్తున, కొరాపుట్ సుమారు ఎనిమిది వందల డెబ్బది మీటర్ల ఎత్తున ఉన్నవి. సాలూరు దాటి కొండ మొదలైన పిమ్మట సుంకి, పొట్టంగి ప్రాంతములు చేరులోపలనే ఆ ఎత్తులో అధికభాగము ఎక్కవలసియుండును. అటుతరువాత కొరాపుట్టునుండి జయపురమునకు మరియొక చిన్న దిగుడు. జయపురము, బొరిగుమ్మ, కోట్‌పాడ్ మీదుగా జగ్దల్‌పూరు వరకు దారి ఇంచుమించు సమతలము. దక్షిణపు దారి ఇందుకు భిన్నము. జగ్దల్‌పూరు 550 మీటర్ల ఎత్తున నున్నది. సుక్మా మీదుగా శబరి ఒడ్డున నున్న కొంటా చేరుటకు సుమారు నూట ఎనుబది కిలోమీటర్లు. ఐదు వందల మీటర్ల దిగుడు ఆ దూరమంతటను పరచుకొనియున్నది. నడుమ దర్భ వద్ద ఘాట్ రోడ్డు కలదుగాని సాలూరు కొండవలె ఎడతెగని దిగుడు కాదు. రెండు దారులును బస్తరునుండి క్రిందికే దించును. కాని ఒకటి నిచ్చెనవలె దించును, మరియొకటి వాలుపల్లమువలె దించును.

రెండవది: మలుపులు ఎట్టివి? కొండదారుల నిర్మాణమునకు ఇండియన్ రోడ్స్ కాంగ్రెసు విధించిన ప్రమాణముల ప్రకారము హెయిర్‌పిన్ మలుపున లోపలి అంచు వ్యాసార్ధము పదునాలుగు మీటర్లకు తగ్గరాదు. మలుపులో ఏటవాలు నలుబదింట ఒకటికి మించరాదు. ఒంటరి కారునకు ఇది ఇబ్బంది కాదు. ట్రైలరు చక్రములు మాత్రము కారు చక్రముల జాడలో నడువవు. మలుపు లోపలివైపునకు జరిగి అడ్డదారి త్రొక్కును. లోపలివైపున కాలువయో రాతిగోడయో యున్నచో ట్రైలరు దానిని రాచుకొనును. కావున కారును వెలుపలికి తీసి త్రిప్పవలెను. వెలుపలనుండి లారీ వచ్చుచున్నచో మలుపు క్రిందనే ఆగి, అది దాటిన పిమ్మట పోవలెను. అనంతగిరి దారియు, మారేడుమిల్లి నుండి చింతూరు పోవు అడవి దారియు కన్నులకెంత విందులో, పొడవైన బండికి అంత ఇరుకు. ఈ శీర్షికతో ఆ రెండు దారులును కొట్టుపడినవి.

మూడవది: వెనుకకు తిరుగుటకు చోటెచ్చట? దీనిని చాలమంది ఆలోచింపరు. ఒంటరి కారు ఎచ్చటనైనను తిరుగును. ట్రైలరు కొండ నడుమ తిరుగలేదు. ఘాట్ రోడ్డున దానిని వెనుకకు నడపుట నేర్పరులకే కష్టము. కావున కొండ క్రింద చివరి విశాలమైన చోటు ఏదో ముందుగా తెలిసికొనవలెను. సాలూరు వైపున అది సాలూరు పట్టణమే. అచ్చట ఆగి, పైన కొండచరియ విరిగినదా, లారీ అడ్డముగా పడినదా అని దిగివచ్చు డ్రైవర్లను అడుగవలెను. అడుగుటకు సిగ్గుపడరాదు. ఆ దారిని వారు దినదినము చదువు పుస్తకమువలె ఎరుగుదురు.

నాలుగవది: ఋతువు, వేళ. దక్షిణపు దారికి కొండకన్న నీరే శత్రువు. గోదావరి పొంగినప్పుడు శబరి ఎదురు తన్ని కొంటా, చింతూరు ప్రాంతములలో రోడ్లను ముంచును. 2022 జూలైలో భద్రాచలమువద్ద గోదావరి డెబ్బది ఒక్క అడుగులు దాటినది. అచ్చట 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది జారీచేయుదురు. కావున ఆ దారిని పోదలచినవాడు పంచాంగముతోపాటు నీటిమట్టమును కూడ చూచుకొనవలెను. మొదటి హెచ్చరిక యున్నచో ప్రయాణము మానుట మేలు. మరియు ఏ ఘాట్ రోడ్డునైనను తెల్లవారిన పిమ్మటనే ఎక్కి, ప్రొద్దుండగనే దిగవలెను. దర్భ సమీపమున జీరం ఘాటీలో 2013 మే 25వ తేదీన జరిగిన దారుణమును దేశమంతయు ఎరుగును. అట్టి గడ్డుకాలమును కన్న ప్రాంతమున పోలీసువారు చెప్పిన వేళలను పాటించుట బుద్ధిమంతుల లక్షణము.

ఐదవది: బండి బ్రేకు ఎట్టిది? మేనల్లుడు ఇచ్చట నాతో వాదమునకు దిగినాడు.

“మామయ్యా, సాలూరు ఘాట్లో రోజూ ఎన్ని లారీలు దిగటం లేదు? మనకెందుకంత భయం?”

“నాయనా, లారీకి గాలి బ్రేకులు, దానికి తోడు ఇంజను పొగను బిగించి వేగం తగ్గించే ఏర్పాటు ఉంటాయి. నీ ట్రైలరుకేమున్నది?” అంటిని.

అతడు కాగితములు తెచ్చి చూపెను. అతని ట్రైలరునకున్నది తోపుడు బ్రేకు. ముందు కారు నెమ్మదించినప్పుడు వెనుక ట్రైలరు దానిని త్రోయును. ఆ త్రోపుతోనే ట్రైలరు బ్రేకు దానంతటది పట్టును. సమతలమున ఇది చక్కని ఏర్పాటు. దీర్ఘమైన దిగుడులో దీని గుణమే దోషమగును. మనము నేర్పుగా క్రింది గేరులో ఇంజనుతోనే కారును నిగ్రహించుచున్నను, వెనుక ట్రైలరు కారును త్రోయుచునేయుండును. త్రోయుచున్నంతసేపు దాని బ్రేకు రాచుకొనుచునేయుండును. ముందు కూర్చున్నవానికి ఆ సంగతి తెలియదు. వాసనయో పొగయో వచ్చునప్పటికి ఆలస్యమైయుండును. ఈ మాట విన్న తరువాత మేనల్లుడు కొంచెముసేపు మౌనముగా నుండి, “అయితే ఎక్కేటప్పుడు సాలూరు, దిగేటప్పుడు భద్రాచలం” అన్నాడు. అక్కయ్య ముఖము వికసించినది.

కాని ఖర్చు లేకపోలేదు. సాలూరు దారి మూడు వందల కిలోమీటర్లు. కొంటా, భద్రాచలము, అశ్వారావుపేట, రాజమహేంద్రవరము మీదుగా చుట్టి విశాఖ చేరుటకు అందుకు రెట్టింపు మించును. పెట్రోలు రెట్టింపు, సెలవు ఒకటిన్నర దినము అదనము. మనబోటి ఉద్యోగులకు సెలవు విలువ ఎంతటిదో చెప్పనక్కరలేదు. నోటు చివర లాభనష్టములు రెండు వరుసలుగా వ్రాసి చూచితిమి. ఒక వరుసలో ఒకటిన్నర దినము. మరియొక వరుసలో బండిలోని ప్రాణములు. అటుపై చర్చ అవసరము లేకపోయినది.

పిల్లల అరకు ముచ్చట మిగిలిపోయినది. దానికి పరిష్కారము రైలు చూపినది. బైలదిల్ల ఇనుప ఖనిజమును విశాఖ రేవునకు చేర్చుటకై 1960 దశకమున నిర్మించిన కొత్తవలస–కిరండోల్ రైలు మార్గము బొర్రా, అరకు, కొరాపుట్, జయపురము మీదుగా జగ్దల్‌పూరు పోవును. ఏబది ఎనిమిది సొరంగములు దాటి పోవు ఆ రైలులో పిల్లలు, వారి తల్లి, అక్కయ్య, మా యింటివారు వెళ్ళినారు. నేనును మేనల్లుడును ట్రైలరుతో సాలూరు దారి పట్టితిమి. మనుషుల బరువు, వారి పెట్టెల బరువు తగ్గినది. వాహనమెక్కినచో కడుపులో త్రిప్పు అక్కయ్యకు ఘాట్ రోడ్డు మలుపులు తప్పినవి. పిల్లలు సొరంగములు లెక్కించుచు, ఒకరి లెక్క ఒకరికి పొసగక, జగ్దల్‌పూరు వరకు పోట్లాడుకొనుచునే వచ్చినారట.

ఎక్కుటకు ముందు మేము చేసిన పనులు కొన్ని చెప్పెదను. సాలూరులో నీటి తొట్టిని ఖాళీచేసితిమి. నూరు లీటర్ల నీరు నూరు కిలోల బరువు. ఆ నీరు కొరాపుట్టులోను దొరకును. బియ్యపు సంచులు, గ్యాసు పొయ్యి మొదలైన బరువైన సామానును పై అరలనుండి తీసి, నేలపై, ఇరుసునకు కొంచెము ముందుగా సర్దితిమి. బరువు వెనుకకు పోయినచో ట్రైలరు తోక ఊపినట్లు ఊగును. ఆ ఊపు కారును కూడ ఈడ్చును. టైర్ల గాలి, కొక్కెము, రక్షణ గొలుసులు, వెనుక దీపములు చూచుకొంటిమి. చక్రముల క్రింద పెట్టుటకు రెండు కొయ్య దిమ్మెలు చేతికందు చోట నుంచితిమి. వెనుక నాలుగైదు బండ్లు చేరినప్పుడెల్ల చోటు చూచి ప్రక్కకు తీసి వాటికి దారి ఇచ్చితిమి. ట్రైలరులో ఎవరిని కూర్చుండనీయరాదని వేరుగా చెప్పవలసిన పనిలేదు. పసిపిల్లలు నిద్రపోవుచున్నారని వారిని వెనుక పరుండబెట్టుట మహాప్రమాదము.

కొండదారిన ఎవరికి ఎవరు దారి ఇవ్వవలెనను విషయమున కూడ చట్టము స్పష్టముగా నున్నది. రోడ్డు ఇరుకైనచోట దిగివచ్చువాడు ఆగి, ఎక్కివచ్చువానికి దారి ఇవ్వవలెను. 1989 నాటి నిబంధనలలోను, 2017 నాటి నిబంధనలలోను ఈ నియమమే యున్నది. ఎక్కుచున్న బరువైన బండి ఒకసారి ఆగినచో మరల కదలుట కష్టమని ఎరిగినవారు చేసిన నియమమది.

తిరుగు ప్రయాణమున గోదావరి మొదటి హెచ్చరికకు చాల దిగువగా నుండెను. తెల్లవారుజామున బయలుదేరి దర్భ దిగుడును రెండవ గేరులో, నడుమ రెండుమారులు ఆగి, ట్రైలరు చక్రముల వద్ద చేయి ఆనించకుండ వేడిని పరీక్షించుచు దిగితిమి. రెండవమారు ఆగినప్పుడు చక్రమునుండి సెగ బాగుగా తగిలినది. అరగంట కూర్చుండి చల్లారనిచ్చితిమి. ఆ సెగను చూచిన మేనల్లుడు మరల సాలూరు మాట ఎత్తలేదు. మరునాడు భద్రాచలమున దర్శనము.

ఇక రాయపురము వైపునుండి బస్తరు వచ్చువారికి కేశ్‌కాల్ ఘాటు తప్పదు. కాంకేరు దాటిన పిమ్మట కొండగావ్ పోవు దారిలో నున్న ఈ ఘాటునకు పండ్రెండు పెద్ద మలుపులు. దారిలోని తేలిన్ మాత గుడివద్ద డ్రైవర్లు ఆగి మ్రొక్కి పోవుట వాడుక. ఆ మ్రొక్కు భక్తికి సంబంధించినది; ఐనను ఆ ఆగుటలో ఇంజనుకు, బ్రేకులకు కూడ విశ్రాంతి దొరకును. పెద్దలు పెట్టిన ఆచారములలో ఇట్టి మేలు కలిసియుండుట అరుదు కాదు. మరమ్మతులున్నప్పుడు ఈ ఘాటున భారవాహనములను దారి మళ్ళింతురు. కావున కాంకేరులోనే విచారించి పోవలెను. రాయపురము–విశాఖపట్టణముల నడుమ 464 కిలోమీటర్ల ఆరు వరుసల క్రొత్త రహదారికి 2022, 2023 సంవత్సరములలో శంకుస్థాపనలు జరిగినవి. కేశ్‌కాల్ కొండలక్రింద 2.8 కిలోమీటర్ల జంట సొరంగము అందులో ఒక భాగము. ఆ దారి మొదలునుండి చివరవరకు అందుబాటులో నున్నప్పుడు, భారమైన బండి గలవారు పండ్రెండు మలుపుల అందమును మరియొక దినమున ఒంటరి కారులో వచ్చి చూడవచ్చును.

సోదరులారా, ఫైలు మీద సంతకము పెట్టునప్పుడు మనము మూడుసార్లు చదువుదుము. ఒక అక్షరము తప్పినచో పై అధికారి త్రిప్పి పంపును. మన యిల్లాండ్రు, పిల్లలు, తల్లిదండ్రులు కూర్చున్న బండిని కొండమీదినుండి దింపునప్పుడు త్రిప్పి పంపు అధికారి ఎవ్వరును లేరు. కావున బయలుదేరుటకు ముందురోజు రాత్రి ఒక కాగితము తీసికొనుడు. ఎత్తు, మలుపు, తిరుగు చోటు, ఋతువు, బ్రేకు అను ఐదు శీర్షికలు వ్రాయుడు. ఇంటివారినందరిని కూర్చుండబెట్టి చదివి వినిపింపుడు. వారికిని అభిప్రాయము చెప్పు హక్కు కలదు. మా యింట రైలు ఆలోచన మొదట చెప్పినది పదేండ్ల పిల్లయని మీకు మనవి చేయుచున్నాను.

 ఈ దసరాకు బస్తరు పోవువారందరికిని దారి సుగమమగుగాక.